తోడుచొక్కా

మా నాన్న వీపు మీద చికెన్ కూర ఉడకడం నేను కళ్ళారా చూశాను. కూరంటే కూర కాదు, దాని వేడి. ఫైర్ స్టేషన్ వెనక వంటగదిలో మస్తాన్ బాబాయ్ పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పుతున్నాడు. ముందువైపు బండ్లు నిలబెట్టే షెడ్డులో నాన్న కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, ఒంటి మీద నేను తయారుచేసిన చొక్కా. ఇద్దరికీ మధ్య రెండు గోడలున్నాయి, వాటి పక్కగా ఒక సన్నటి తీగ. ఉన్నట్టుండి నాన్న ఎడమ భుజం ఎగరేసి, "మస్తానూ, చెయ్యి వెనక్కి తియ్యి, ఆవిరి కొడుతోంది" అని కేకేశాడు.

లోపల గరిటె కిందపడ్డ చప్పుడు. మస్తాన్ బాబాయ్ పరిగెత్తుకొచ్చి నాన్న చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు, చొక్కా కాలర్ ఎత్తి లోపలికి తొంగి చూశాడు, చివరికి నా వైపు తిరిగి, "పాపా, ఇట్టాంటిది మా ఇంటావిడకి మాత్రం కుట్టి ఇవ్వమాక" అన్నాడు.

నాకైతే గాల్లో తేలిపోతున్నట్టుంది. ఎందుకంటే అప్పటిదాకా ల్యాబ్‌లో వేడినీళ్ళ గ్లాసుల మీద తప్ప ఇంకెక్కడా అది పనిచెయ్యలేదు.

నా పేరు కెజియా. విజయవాడలో పరిమళ మేడమ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా నాన్న ఏసురత్నం గుంటూరులో ఫైర్ ఆఫీసర్. మస్తాన్ వలీ బాబాయ్ ఆయన టీమ్ లీడర్, నేను పుట్టకముందు నుంచీ ఇద్దరూ ఒకే బండిలో తిరుగుతున్నారు. మంటల్లోకి వెళ్ళేది మస్తాన్ బాబాయ్, బయట నిలబడి వెళ్ళమని చెప్పేది నాన్న. ఆ బయట నిలబడటం ఎంత కష్టమో నాకు చిన్నప్పుడే తెలుసు. ఎక్కడైనా పెద్ద మంట ఆర్పి వచ్చిన రోజు నాన్న అన్నం కలుపుకుని అలాగే కూర్చునేవాడు. లోపలున్నవాళ్ళకి ఎలా ఉందో బయట ఉన్నవాడికి తెలీదు కదా. మాస్కులోంచి మాట్లాడితే వాకీటాకీలో బుడబుడమని నీళ్ళు మరిగినట్టు వినిపిస్తుంది. కోల్డ్ స్టోరేజీ లాంటి మందపు గోడలైతే అదీ ఉండదు. పొగ రంగు చూసి, గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఊహించుకోవాలి. ఆ ఊహ తప్పితే మనుషులు పోతారు.

అందుకే చొక్కా. లోపలికెళ్ళేవాళ్ళ మణికట్టు మీదా మెడ వెనకా రూపాయి నాణెమంత బిళ్ళ అంటిస్తాం. వేడికి ఒంట్లో చెమట పట్టే తీరుని బట్టి, ఆ మనిషికి ఎంత కాలుతోందో అది కనిపెడుతుంది. దాని కబురు నీళ్ళ గొట్టంలోనే నేసిన సన్నటి తీగ మీద బయటికొస్తుంది, కాబట్టి గోడలెంత మందమైనా ఆగదు. బయట ఆఫీసర్ వేసుకున్న చొక్కా ఆ వేడిని ఆయన వీపు మీద అచ్చంగా పుట్టిస్తుంది. ఎడమ భుజం కింద మస్తాన్ బాబాయ్, కుడి భుజం కింద కోటయ్య, నడుం దగ్గర కొత్తగా చేరిన అఖిల్. స్క్రీన్ లేదు, అంకెల్లేవు, చదివి అర్థం చేసుకునే పనే లేదు. మీ వీపు కాలితే వాళ్ళు కాలుతున్నట్టు. అంతే.

ల్యాబ్ వెనక సిమెంటు గదిలో కట్టెలు పేర్చి మంట పెట్టి చేసిన ట్రయల్ చూడాల్సింది మీరు. నాన్న బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల కోటయ్య ఒక మూల కూర్చుని నీళ్ళు కొడుతున్నాడు. అంతా బాగానే ఉందనుకుంటుంటే నాన్న ఒక్కసారిగా కుడి భుజం విదిలించి కోటయ్యని బయటికి లాగమన్నాడు. లాగాం. గడప దాటాడో లేదో పైకప్పుకి కట్టిన చెక్క వాడు కూర్చున్న చోటే పడింది. పరిమళ మేడమ్ చప్పట్లు కొడుతూ ఏడ్చేసింది. నేను కోటయ్యని కావలించుకుని మసి మొత్తం నా ఒంటికి పూసుకున్నాను. ఆ తర్వాత ట్రయల్స్‌లో అసలు వాకీటాకీ అవసరమే పడలేదు. లోపలివాళ్ళు మాట్లాడటం మానేశారు, నాన్న అడగడం మానేశాడు. డిపార్ట్‌మెంటు పెద్దవాళ్ళొచ్చినప్పుడు నేను అదే గొప్పగా చెప్పాను. చూడండి సార్ ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఊపిరి కూడా ఆదా అవుతుంది, మాట్లాడితే సిలిండర్‌లో గాలి తొందరగా అయిపోతుంది కదా అని. వాళ్ళు తలలూపారు. జిల్లాకొకటి కావాలన్నారు.

అమ్మకి మాత్రం ఆ చొక్కా అంటే పడదు. నాన్న వీపు నిండా చెమటకాయలు పేలినట్టు ఎర్రటి మచ్చలు. ఫ్యాన్ కింద బోర్లా పడుకుంటే అమ్మ గంధం అరగదీసి రాసేది. ఆ వీపు సంగతి పక్కనపెట్టినా, ఈ మనిషి ఇంట్లో కూడా నోరు తెరవడం మానేశాడని ఆమె గొడవ. తను రెండ్రోజులు జ్వరంతో పడుకుంటే ఎట్లా ఉందని ఒక్క మాట అడగలేదంట. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నాతో అంది, "ఏమే, నాక్కూడా ఒక బిళ్ళ అంటించు. అప్పుడన్నా మీ నాన్నకి తెలుస్తుందేమో నాకెక్కడ నొప్పో."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు.

ఏప్రిల్‌లో, మిర్చి యార్డు కిటకిటలాడే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను అదృష్టం కొద్దీ స్టేషన్‌లోనే ఉన్నాను, పాత బిళ్ళలు తీసేసి కొత్తవి ఇద్దామని వచ్చాను. ఊరి బయట కోల్డ్ స్టోరేజీ అంటుకుందన్నారు. నాన్న చొక్కా తొడుక్కుంటూ బండెక్కాడు, నేను వెనక ఎక్కాను, ఎవరూ దిగమనలేదు. చొక్కాకి ఇదే మొదటి అసలైన మంట. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే సైరన్ నాకు సరిగ్గా వినపడలేదు.

మిర్చి తగలబడటం మీరు చూశారో లేదో. పొగ కంటే ముందు ఘాటు వస్తుంది. ఇంకా చాలా దూరం ఉండగానే రోడ్డు మీద బైకులవాళ్ళు ఆగిపోయి దగ్గుతున్నారు, టీ కొట్టు వాళ్ళు టవళ్ళు మొహానికి చుట్టుకుని పరిగెడుతున్నారు, ఒక గేదె కూడా తుమ్ముతోంది, నిజంగా. దగ్గరికెళ్ళేసరికి ఆ పెద్ద భవనం ఒక పక్కనుంచి ఎర్రటి పొగ కక్కుతోంది. లోపల రెండు పెద్ద గదులు, మధ్యలో ఒక నడవా. ఎడమ గదిలో మంట. రెండు గదుల్లోనూ కింద నుంచి పైకప్పు దాకా కొయ్య అరలు, వాటి నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. రైతులు రోడ్డవతల గుంపుగా నిలబడ్డారు. ఏడాది పంట మొత్తం ఆ గోడల వెనకే ఉంది.

నాన్న దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా భవనం చుట్టూ ఒకసారి నడిచొచ్చాడు. అది ఆయన పద్ధతి. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా పైపులు కట్టేశారో లేదో కనుక్కున్నాడు, కట్టేశారు. లోపల ఎవరున్నారని అడిగాడు. ఇద్దరు హమాలీలు పై అరల మీద పనిచేస్తున్నారు, దిగలేదన్నారు.

ఇంక ఆలోచన లేదు. నాన్నకి ఉన్న సూత్రం ఒకటే, స్టేషన్‌లో అందరికీ కంఠతా వచ్చు. మనిషి కోసమైతే లోపలికి వెళ్ళు, సరుకు కోసమైతే బయట నిలబడి కొట్టు.

మస్తాన్ బాబాయ్, కోటయ్య, అఖిల్ గొట్టం పట్టుకుని లోపలికి పాక్కుంటూ వెళ్ళారు. నేను నాన్న పక్కనే నిలబడి ఆయన వీపు వైపే చూస్తున్నాను. కాసేపటికి ఎడమ భుజం వణికింది. తర్వాత నడుం. పళ్ళు బిగబట్టాడు, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది, కానీ మొహంలో ఒక వెలుగుంది. నేనెప్పుడూ చూడని వెలుగు. లోపల ఏం జరుగుతోందో ఆయనకి తెలుస్తోంది. అఖిల్ దగ్గర ఎక్కువైంది, పంపు ప్రెషర్ పెంచమన్నాడు. పెంచారు. నడుం చల్లబడిందని తల ఊపాడు. ఇంకాసేపటికి గుమ్మంలోంచి మస్తాన్ బాబాయ్ ఒక హమాలీని భుజాన వేసుకుని, కోటయ్య, అఖిల్ ఇంకొకతన్ని చెరో పక్కా పట్టుకుని బయటపడ్డారు. ఇద్దరూ బతికే ఉన్నారు. రోడ్డవతల నుంచి ఒకటే కేకలు, ఈలలు. నేనైతే ఎగిరి గంతేశాను.

అక్కడితో ఆగాలి, సూత్రం ప్రకారం. మనుషులు బయటికొచ్చేశారు, మిగిలింది సరుకే.

కానీ కుడి గది ఇంకా అంటుకోలేదు. నడవాలో ఉన్న తలుపు మూసి, అక్కడే నిలబడి నీళ్ళు కొడితే సగం పంట దక్కుతుంది. బయటి నుంచి కొడితే నీళ్ళు అక్కడిదాకా అందవు. మస్తాన్ బాబాయ్ వాళ్ళు బండి దగ్గర సిలిండర్లు మార్చుకుంటూ నాన్న వైపు చూస్తున్నారు. రైతులు కూడా నాన్న వైపే చూస్తున్నారు. చొక్కా లేని రోజుల్లో అయితే నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించేవాడు కాదు. ఇప్పుడు ఆలోచించాడు. వీపు మీద ఒకసారి చెయ్యి వేసుకుని, "వెళ్ళండి. ఎక్కువైతే నేనే పిలుస్తా" అన్నాడు.

వాళ్ళు వెళ్ళారు. నాకు భయమేం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే సంబరమేసింది. ఇందుకే కదా మేం దీన్ని తయారుచేసింది. ఇదివరకు వెళ్ళలేని చోటికి ఇప్పుడు వెళ్ళగలం.

అది ఎంత బాగా నడిచిందంటే, నాన్న భుజాలు వదులయ్యాయి. ఎలా ఉందని అడిగితే, పొద్దున్నే వాకిట్లో కూర్చున్నట్టుంది, మంట తగ్గుతోంది, తలుపు దగ్గర పట్టు దొరికినట్టుంది అన్నాడు. వాకీటాకీ నిశ్శబ్దంగా ఉంది. రైతుల్లో ఒకాయన వచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. నేను పరిమళ మేడమ్‌కి ఫోన్ చేసి, పనిచేస్తోంది మేడమ్, అద్దంలా పనిచేస్తోంది అని అరిచేశాను.

అరిచి అరిచి గొంతు మండింది. మంచినీళ్ళ కోసం బండి వెనక్కి వెళ్ళాను. బండి మెట్టు మీద కొబ్బరినూనె సీసా మూత తీసి ఉంది. చుట్టూ ఇనుము మీద జిడ్డు వేలిముద్రలు. డ్రైవరు కూడా ఆ నూనే మెడకి రాసుకుంటున్నాడు. ఎందుకని అడిగాను, ఊరికే, మాట కలపడానికి. మిర్చి మంట కదమ్మా, చెమట పట్టినచోట ఆ కారం పడితే రేపటిదాకా మండుతుంది, అందుకే మన గుంటూరోళ్ళం ముందే నూనె పట్టిస్తాం అన్నాడు. ఇందాక హమాలీలని తెచ్చేటప్పుడు హడావుడిలో ఎవరూ రాసుకోలేదంట. సిలిండర్లు మార్చేటప్పుడు ముగ్గురూ బాగా పట్టించి వెళ్ళారంట. మణికట్లకీ, మెడకీ.

మంచినీళ్ళ బాటిల్ నా చేతిలోనే ఉంది. తాగలేదు.

మా బిళ్ళ చెమటని చదువుతుంది. నూనె పట్టిస్తే అది బిళ్ళ కిందికి కూడా జారుతుంది, ఇంక చెమట దానికి అందదు. చెమట అందకపోతే ఆ మనిషి హాయిగా ఉన్నాడనుకుంటుంది. ల్యాబ్‌లో మేం కట్టెలు కాల్చాం, చెక్కలు కాల్చాం, ప్లాస్టిక్ కాల్చాం. మిర్చి ఎప్పుడూ కాల్చలేదు. కాబట్టి ఎవరూ ఎప్పుడూ నూనె రాసుకోలేదు. వాకిట్లో కూర్చున్నట్టుంది అన్నాడు నాన్న. మొదటిసారి వెళ్ళినప్పుడు అంత కాలిన చోటు, మంట ఇంకా పెరిగాక చల్లగా ఎలా ఉంటుంది?

పరిగెత్తాను. నాన్న దగ్గరికెళ్ళేసరికి మిర్చి పొగకి కళ్ళు మూసుకుపోతున్నాయి. చొక్కా కాలర్ పట్టుకుని చెప్పాను.

"నాన్నా, చొక్కా అబద్ధం చెప్తోంది. వాళ్ళు నూనె రాసుకున్నారు. నీకేం తెలియట్లేదు."

ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. ఆయన వీపు ఆయనకి చల్లగా ఉంది. సొంత ఒళ్ళు చెప్పేదాన్ని కాదని కూతురి మాట నమ్మాలి. సగం పంట చేతికొచ్చే సమయంలో. భవనం వైపు తిరిగాడు. లోపలివాళ్ళు రెండోసారి వెళ్ళాక ఆయన ఆ భవనాన్ని కళ్ళతో చూడటం అదే మొదలు. వీపుతోనే చూస్తున్నాడు అప్పటిదాకా. నేనూ చూశాను. కప్పు అంచుల్లోంచి బయటికొస్తున్న పొగ మళ్ళీ లోపలికే పోతోంది, గాలి చాలక భవనం ఊపిరి తీస్తున్నట్టు. నాన్న గుమ్మం దగ్గర నేల చూపించాడు. ఇన్ని నీళ్ళు లోపలికి కొడుతున్నాం, బయటికి చుక్క కూడా రావట్లేదు. ఎక్కడికి పోతున్నాయి ఆ నీళ్ళన్నీ? టిక్కీలు తాగుతున్నాయి. తడిసి బరువెక్కుతున్నాయి. కింద కొయ్య అరలు కాలుతున్నాయి, పైన బరువు పెరుగుతోంది.

నాన్న చొక్కా చించినట్టు విప్పి పడేశాడు. బండ్లన్నిటి హారన్లూ ఒకేసారి మోగించమన్నాడు, ఆపకుండా. వాకీటాకీలో పిలిచాడు, బుడబుడ తప్ప ఏం రాలేదు. రైతు ఒకాయన అడ్డమొచ్చి, ఇంకాస్త సేపు సార్, తలుపు దగ్గరే ఉన్నారు కదా అని బతిమాలాడు. నాన్న ఆయన్ని పక్కకి జరిపి గుమ్మం దాకా వెళ్ళాడు. గడప దాటలేదు. బయట ఉండాల్సినవాడు లోపలికెళ్తే ఇంక చెప్పేవాడు ఉండడు, అది ఆయనకి తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా గొట్టం పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగి వదలడం, లాగి వదలడం. వెనక్కి రమ్మని.

అఖిల్ బయటికొచ్చాడు, గొట్టం తడుముకుంటూ. వాడి వెనక కోటయ్య. మాస్కు తీయగానే కోటయ్య వాంతి చేసుకున్నాడు. మస్తాన్ బాబాయ్ ఏడని అడిగితే వెనక్కి వేలు చూపించాడు. తలుపు పూర్తిగా పడలేదంట, గడియ వేసి వస్తానన్నాడంట.

నాన్న గొట్టం లాగుతూనే ఉన్నాడు. అది కదల్లేదు. లోపల ఏదో పెద్ద చెట్టు విరిగినట్టు చప్పుడు. నేను కూడా కూర్చుని గొట్టం పట్టుకున్నాను, అఖిల్ కూడా. అప్పుడు అవతలి నుంచి ఎవరో గొట్టాన్ని ఒక్క కుదుపు కుదిపారు. నాన్న గట్టిగా ఏదో అన్నాడు, హారన్లలో వినపడలేదు. ముగ్గురం కలిసి లాగాం. పొగలోంచి పసుపు హెల్మెట్, తర్వాత ఒక మోచెయ్యి. నాన్న ఆ మోచెయ్యి పట్టుకుని ఈడ్చి వాకిట్లో పడేసేసరికి లోపల అరలన్నీ వరసగా కూలాయి, ఒకదాని మీద ఇంకొకటి. ఎర్రటి ఆవిరి గుమ్మంలోంచి మా మీదుగా రోడ్డు దాకా కొట్టింది. కళ్ళు తెరిచి చూస్తే మస్తాన్ బాబాయ్ మా ముందే ఉన్నాడు. దగ్గుతున్నాడు. దగ్గు అంత అందంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు.

కుడి గది కూడా పోయింది. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. తర్వాతంతా బయటి నుంచే కొట్టారు.

మస్తాన్ బాబాయ్ గ్లౌజులు తీసినప్పుడే తెలిసింది. గ్లౌజుకీ కోటు చేతికీ మధ్య సందులో, రెండు మణికట్లూ, మెడ వెనక మొత్తం తోలు లేచిపోయింది. అప్పటికప్పుడు కాలింది కాదది, చాలాసేపటి నుంచి కాలుతూ ఉన్నదంట. కుడిచేతి వేళ్ళు మళ్ళీ పిడికిలి పడతాయో లేదో ఇప్పుడే చెప్పలేం అన్నాడు డాక్టరు.

మర్నాడు పరిమళ మేడమ్ ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను, కానీ ఆమె అప్పటికే పనిలో పడింది. నూనె ఉన్నా పనిచేసే బిళ్ళ కష్టమేం కాదు, చెమట బదులు రక్తం వేడి చదివిద్దాం, వారంలో అయిపోతుంది అంది. నిజమే, అయిపోతుంది. నా బుర్ర కూడా అప్పుడే వైర్లు గీసేస్తోంది. సరే మేడమ్, చేద్దాం అన్నాను. కానీ ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. బిళ్ళకి తెలియకపోతే పోనీ. మస్తాన్ బాబాయ్‌కి తెలుసు కదా, తన చేతులు కాలుతున్నాయని. వాకీటాకీ బుడబుడమన్నా సరే ఎందుకు చెప్పలేదు? ఎందుకు తనంతట తాను బయటికి రాలేదు?

సాయంత్రం నాన్నతో కలిసి హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు అడిగేశాను. మస్తాన్ బాబాయ్ రెండు చేతులూ దిండ్ల మీద పెట్టుకుని ఉన్నాడు, కట్లతో బాక్సింగ్ ఆడేవాడిలా. నా ప్రశ్న ఆయనకి వింతగా అనిపించినట్టుంది. నన్ను కాదు, నాన్నని చూస్తూ చెప్పాడు.

"చెప్పేదేముంది సార్. నా వేడి మీ వీపు మీదే ఉంది కదా. నాకింత మండుతుంటే మీకూ మండుతానే ఉంటది. మీరే పిలవలేదంటే ఇంకా ఓర్చుకోవచ్చులే అనుకున్నా."

అన్నేళ్ళలో ఇద్దరూ ఎప్పుడూ ఒకరి ముందొకరు కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కాదు, అప్పుడూ పెట్టుకోలేదు. నాన్న గోడ పక్కనున్న స్టూలు లాక్కున్నాడు. మంచం దగ్గరగా, మోకాళ్ళు మంచం పట్టీకి తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడెట్టా ఉంది మస్తానూ?"

"పర్లేదు సార్."

"అట్టా కాదు. చెప్పు. ఎక్కడెక్కడ, ఎట్టా ఉందో."

మస్తాన్ బాబాయ్ కప్పు వైపు చూస్తూ మొదలుపెట్టాడు. సిగ్గుపడ్డాడేమో కూడా. బొటనవేలి దగ్గర సూదులు గుచ్చినట్టుంది సార్ అన్నాడు. మణికట్టు దగ్గర అసలేం తెలియట్లేదు, అదే భయంగా ఉంది అన్నాడు. మెడ దిండుకి ఆనితే ప్రాణం పోతోంది, నర్సమ్మకి చెప్పడానికి మొహమాటంగా ఉంది అన్నాడు. ఇంకా చెప్తూనే ఉన్నాడు, ఒక్కో వేలి సంగతి వేరువేరుగా. నాన్న ముందుకి వంగి ప్రతిదానికీ తల ఊపుతున్నాడు. మధ్యలో ఎక్కడైనా ఆగితే, ఊ, తర్వాత, అంటున్నాడు.